అమ్మానాన్నలతో కొటొపాక్సి అగ్నిపర్వతానికి వెళ్లేముందు

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగి, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. సెలవుల్లో అమ్మానాన్నలను, భర్తను వెంటబెట్టుకుని ఈక్వడార్ వెళ్తున్నారు. కొటొపాక్సి అగ్నిపర్వతాన్ని దగ్గరగా చూడాలని కోరిక. నాన్నగారికి 62 ఏళ్లు. అమ్మగారికి 57, రక్తపోటుకు మాత్రలు వేసుకుంటారు. "మా అమ్మ ఏటా అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తుంది, నడకకు భయం లేదు. మా భయమంతా ఆ కొండ పేలుతుందేమోనని. లావా కనిపిస్తుందా? ఎంత దూరంలో ఉంటే క్షేమం? మా ఆయన శిఖరం ఎక్కుతానంటున్నారు, సరేననవచ్చా? నాన్న అక్కడి రాయి ఒకటి ఇంటికి తెచ్చుకోవాలంటున్నారు" అని రాశారు.

అమ్మా, నేను కర్నూలులో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కొటొపాక్సికి రెండుసార్లు వెళ్లాను. మీ ప్రశ్నలో అలిపిరి మెట్ల మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు అక్కడున్న రోజుల్లో కొండ పేలడం అరుదైన సంగతి. ఎత్తు మాత్రం మీ నలుగురిలో ఒక్కరినైనా తప్పకుండా పట్టుకుంటుంది.

ప్రొద్దుటూరు సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. మన రాయలసీమ వాళ్లలో చాలామంది అంతకన్నా ఎత్తులో ఒక రాత్రి కూడా పడుకుని ఉండరు. మీరు విమానం దిగే కీటో నగరమే 2,850 మీటర్ల మీద ఉంది. కొటొపాక్సి జాతీయ ఉద్యానవనంలో వాహనాలు ఆగే చోటు దాదాపు 4,600 మీటర్లు, అక్కడి నుంచి నడిచి చేరే పర్వతారోహకుల వసతి గృహం దాదాపు 4,800 మీటర్లు, శిఖరం 5,897 మీటర్లు. వసతి గృహం దగ్గర వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అక్కడ నీళ్లు 84 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కీటోలో కూడా మూత లేని గిన్నెలో పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. మీరు ఇల్లు అద్దెకు తీసుకుంటే కుక్కరు ఉందో లేదో అడగండి.

మీ అమ్మగారు మెట్లెక్కగలరంటే కాళ్లలో సత్తువ, గుండెలో దమ్ము ఉన్నాయని. సంతోషం. కానీ పలుచని గాలికి శరీరం అలవాటు పడటం వేరే సంగతి. అది సత్తువతో రాదు, రోజులు గడిస్తే వస్తుంది. ఇరవై ఏళ్ల ఆటగాడు వాంతులతో కూలబడి, పక్కన అరవై ఏళ్ల ఆవిడ నెమ్మదిగా నడిచి వెళ్లిపోవడం ఆ కొండ మీద నేను చూశాను.

మా సంగతి కూడా చెప్పాలి. 2018లో మొదటిసారి వెళ్లినప్పుడు కీటోలో సాయంత్రం దిగాం. మా యాత్ర ఏర్పాటు చేసినవాళ్లు మర్నాడు ఉదయమే మమ్మల్ని వాహనంలో 4,600 మీటర్లకు చేర్చారు. దారిలోనే నా భార్యకు తలనొప్పి మొదలైంది. పైకి చేరాక రెండుసార్లు వాంతి అయింది. నీళ్లు తాగితే సర్దుకుంటుంది, కాస్త నడిస్తే ఒళ్లు వేడెక్కుతుంది అని మాతో వచ్చినతను పదేపదే అన్నాడు. అడిగినదానికి ఆవిడ తడుముకుంటూ, ఆలస్యంగా జవాబు చెప్పడం చూసి నాకు గుండె జారింది. వాహనం తిప్పమని గట్టిగా అన్నాను. మూడు వేల మీటర్లకు దిగేసరికి మనిషి మామూలుగా మాట్లాడింది. ఆ కొండ విస్ఫోటాల చరిత్రంతా నేను చదువుకుని వెళ్లాను. ఎత్తు గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. అందుకే మీకు ఇంత నొక్కి చెబుతున్నాను.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఎత్తు జబ్బుకు తొలి గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే దిగాలి. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోతున్నా మెదడులోకి నీరు చేరుతోందని అర్థం. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు ఆగకపోయినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమో చూడాలి. ఈ రెండింటికీ మొదటి మందు వెంటనే కిందికి దిగడమే. తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు. నొప్పి మాత్ర వేసుకుని, తలనొప్పి తగ్గింది కదా అని పైకి బయలుదేరడం మన వాళ్లు తరచుగా చేసే పొరపాటు. మాత్ర నొప్పిని అణుస్తుంది, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

అమ్మగారిని బయలుదేరే ముందే వైద్యుడికి చూపించండి. ఎత్తు జబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మాత్ర ఇస్తారు. అది వేసుకుంటే మూత్రం ఎక్కువగా వస్తుంది. రక్తపోటు మాత్రల్లో కూడా కొన్ని అలాంటివే. రెండూ కలిస్తే ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లయితే ముందే చెప్పాలి. ఎవరికి ఎంత, ఎప్పటి నుంచి అన్నది వైద్యుడే నిర్ణయించాలి. నాన్నగారికి మధుమేహం ఉంటే ఇంకొక మాట: చలికి చక్కెర కొలిచే యంత్రం తప్పు చూపవచ్చు, ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. రెండింటినీ చొక్కా లోపల, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోవాలి.

రెండోసారి వెళ్లినప్పుడు మేము కీటోలో మూడు రోజులు ఊరికే తిరిగాం. పాత ఊరి వీధుల్లో మెల్లగా నడిచాం, మద్యం ముట్టలేదు, రాత్రి తక్కువ తిన్నాం. నాలుగో రోజు పిచించా కొండ వాలు మీదికి వెళ్లే కేబుల్ కారు ఎక్కాం. అది దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. పైన గంటసేపు కూర్చుని, మళ్లీ కీటోకు వచ్చి పడుకున్నాం. పగలు పైకి వెళ్లి, రాత్రి కిందికి వచ్చి పడుకోవడమే శరీరానికి చక్కటి అభ్యాసం. ఆ పిచించా కూడా సజీవ అగ్నిపర్వతమే, 1999లో కీటో మీద బూడిద చల్లింది. ఐదో రోజు కొటొపాక్సి వెళ్లాం. మీరు కూడా ఇలాగే పెట్టుకోండి. సెలవు ఎంత తక్కువైనా ఈ రోజులు మాత్రం కోయకండి.

ఉద్యానవనంలోకి వెళ్లాక లింపియోపుంగో అనే చెరువు వస్తుంది, 3,800 మీటర్ల పైచిలుకు. చుట్టూ చదునైన బాట, పసుపు గడ్డి మైదానం, స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు, ఎదురుగా తెల్లటి కొండ. ఉదయం తొందరగా వెళ్లాలి, మధ్యాహ్నానికల్లా మబ్బు కమ్మేస్తుంది. అమ్మానాన్నలకు ఆ చెరువు చాలు. ఇది నా గట్టి అభిప్రాయం. అక్కడ అరపూట గడిపాక నలుగురికీ తల తేలికగా ఉంటేనే వాహనాలు ఆగే చోటికి వెళ్లండి. అక్కడి నుంచి వసతి గృహం కంటి ముందే కనిపిస్తుంది, కిలోమీటరు దూరం కూడా ఉన్నట్టు అనిపించదు. కానీ ఆ దారి మెట్లలాంటిది కాదు. వదులుగా ఉన్న అగ్నిపర్వతపు ఇసుక, పెన్నా ఇసుకలో ఎత్తుకు ఎక్కుతున్నట్టు ఉంటుంది, రెండు అడుగులు వేస్తే ఒకటి జారుతుంది. అలవాటు లేనివాళ్లకు గంట పైనే పడుతుంది. అమ్మగారు అక్కడికి రాకపోతే ఆవిడ ఏమీ కోల్పోరు.

చలి, ఎండ రెండూ కలిసే ఉంటాయి. కడప ఎండ చూసినవాళ్లం, ఇదెంత అనుకోవద్దు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ లోపు దూరం, ఆపైన ఆ ఎత్తు, ఆ మంచు తెలుపు. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం పైగా పెరుగుతుంది. చలిగాలి వల్ల ఎండ వేడి తెలియదు, సాయంత్రానికి ముఖం కాలిపోయి ఉంటుంది. నల్ల కళ్లద్దాలు, ముఖానికి లేపనం, చెవులు మూసే టోపీ, గాలి చొరని కోటు నలుగురికీ కావాలి.

ఇక మీ అసలు భయం సంగతి. లావా కనిపిస్తుందా అంటే, కనిపించదు. ఎర్రటి లావా ఏరులై పారే దృశ్యాలు హవాయి వంటి దీవులవి. కొటొపాక్సి శిలాద్రవం చిక్కనిది, లోపల వాయువులను బిగబట్టి ఒక్కసారిగా పేల్చే రకం. మామూలు రోజుల్లో మీకు కనిపించేది మంచు శంఖువు, అదృష్టం ఉంటే అంచున సన్నని ఆవిరి.

ఎంత దూరంలో ఉంటే క్షేమం అని అడిగారు. ఈ కొండ విషయంలో దూరం కన్నా ముఖ్యం మీరు నది మట్టానికి ఎంత పైన ఉన్నారన్నది. 1877 జూన్ 26న ఏం జరిగిందో చెబితే మీకే అర్థమవుతుంది. ఆ రోజు బిలం అంచులు దాటి మండే బూడిద, రాళ్లు, వాయువులు కలిసిన మేఘం నలువైపులా వాలుల మీదుగా దిగింది. అది మంచును కరిగించింది. ఆ నీళ్లు దారిలోని బూడిదను, మట్టిని, బండరాళ్లను కలుపుకుని బురద వరదగా మారాయి. దీన్ని లహార్ అంటారు, జావా భాష నుంచి వచ్చిన మాట. గంట లోపే ఆ వరద దక్షిణాన లటాకుంగా పట్టణాన్ని తాకింది. ఉత్తరాన లోస్ చిల్యోస్ లోయను ముంచి, నదుల వెంట సాగి పసిఫిక్ సముద్రం దాకా వెళ్లింది. ఇంకొక పాయ తూర్పున అమెజాన్ వైపు పోయింది. లావా వల్ల కాదు, మంచు వల్ల ఊళ్లు పోయాయి.

2009 అక్టోబరు 2న కర్నూలులో ఉన్నవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ పాత ఊరిలోకి వచ్చినప్పుడు మేము మేడ మీద నిలబడి చూశాం. నీళ్లు తీశాక మా బంధువుల ఇంట్లో మోకాటి లోతు బురద, గోడలకు తలుపు ఎత్తున మరక. వరద మనకు గంటల ముందు తెలిసింది, వచ్చింది నీళ్లే. లహార్ తడి కాంక్రీటులా చిక్కగా ఉంటుంది, ఇంటంత రాళ్లను మోసుకొస్తుంది, నిటారు వాలుల్లో గంటకు 50 కిలోమీటర్లు దాటి పరుగెడుతుంది. దాని ముందు ఈత పనికిరాదు, వాహనం పనికిరాదు. పక్కనున్న మిట్ట ఎక్కడం ఒక్కటే పని చేస్తుంది. 1985 నవంబరు 13న కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ పేలినప్పుడు, కొండకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆర్మెరో పట్టణం అలాగే పూడిపోయింది. సుమారు 23,000 మంది చనిపోయారు. బురద ఊరిని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ప్రమాదం ఎటు వస్తుందో చూపే పటం కూడా అప్పటికే తయారై ఉంది. ఎత్తయిన నేల దగ్గరలోనే ఉంది. ఖాళీ చేయమనే గట్టి మాట ఆ ప్రజలకు వేళకు చేరలేదు. ఈ ఘటన గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నా గొంతు పట్టుకునేది.

కాబట్టి మీరు గది మాట్లాడుకునేటప్పుడు కొండ ఎంత బాగా కనిపిస్తుందో మాత్రమే చూడకండి. లటాకుంగా వైపు కుతుచి నది, ఉత్తరాన పీటా నది వెంట చాలా బసలు ఉన్నాయి. లహార్ పారే దారులను చూపే పటాలను ఈక్వడార్ అధికారులు ప్రచురించారు. మీ బస ఆ పటాల్లో ప్రమాదమని రంగు వేసిన చోట పడుతుందా, పడితే నడిచి చేరగలిగే మిట్ట ఏది అని యజమానిని అడగండి. స్థానికులు దీనికి విసుక్కోరు, వాళ్ల పిల్లలకు కూడా బడిలో నేర్పుతారు. చేరిన సాయంత్రమే ఆ దారిలో ఒకసారి అమ్మానాన్నలతో నడిచి రండి.

కొండను కనిపెట్టి చూసేది కీటోలోని జాతీయ పాలిటెక్నిక్ పాఠశాలకు చెందిన భూభౌతిక సంస్థ. కొండ మీద భూకంపమాపకాలు, కెమెరాలు, వాయువులను కొలిచే పరికరాలు ఉన్నాయి. హెచ్చరికలు తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తారు. బయలుదేరే వారం ముందు నుంచి రోజూ చూడండి. 2015 ఆగస్టు 14న కొటొపాక్సి దశాబ్దాల నిద్ర తర్వాత మేల్కొని బూడిద విసిరింది, దేశంలో అత్యవసర స్థితి ప్రకటించారు. శిఖరారోహణను మళ్లీ అనుమతించింది 2017లోనే. 2022 అక్టోబరులో మళ్లీ కదిలి 2023 దాకా బూడిద చిమ్ముతూ ఉంది. మీరు వెళ్లేనాటికి మూసి ఉంటే డబ్బు పోయిందని బాధపడకుండా ప్రణాళికలో ఇంకొక చోటు సిద్ధంగా పెట్టుకోండి.

అయితే హెచ్చరిక లేదంటే ప్రమాదం లేదని కాదు. జపాన్‌లోని ఒంటాకే 3,067 మీటర్ల కొండ. 2014 సెప్టెంబరు 27న, శరదృతువు రంగులు చూడటానికి వందల మంది ఎక్కిన శనివారం, మధ్యాహ్నం కాబోతుండగా పేలింది. ఆ రోజు హెచ్చరిక అన్నిటికన్నా కింది మెట్టులో ఉంది. 63 మంది చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. లోపలి నీరు వేడికి ఒక్కసారిగా ఆవిరై పేలే ఈ రకానికి ముందస్తు సంకేతాలు చాలా తక్కువ. శిలాద్రవం పైకి రావాల్సిన పని కూడా లేదు. అందుకే బిలం అంచున ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

మీ వారి శిఖరం సంగతి ఇక్కడే చెబుతాను. నేను శిఖరం ఎక్కలేదు, ఎక్కి దిగినవాళ్లతో వసతి గృహంలో ఒక రాత్రి గడిపాను. 1802లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ ప్రయత్నించి వెనుదిరిగిన కొండ అది. 1872లో విల్హెల్మ్ రైస్, ఏంజెల్ ఎస్కొబార్ మొదటిసారి ఎక్కారు. ఇప్పుడు అర్ధరాత్రి వేళ బయలుదేరి, ఎండకు మంచు మెత్తబడకముందే దిగాలి. ఎక్కడానికే ఆరేడు గంటలు. తాడు, బూట్లకు ఇనుప ముళ్లు, మంచు గొడ్డలి, శిరస్త్రాణం, అనుమతి ఉన్న మార్గదర్శి తప్పనిసరి. మంచు పగుళ్లు ఏటేటా మారుతుంటాయి కాబట్టి గత ఏడాది దారి ఈ ఏడాది ఉండదు. హ్యూస్టన్ సముద్రమట్టంలో ఉంది. ఐదు రోజుల్లో అక్కడి నుంచి 5,897 మీటర్లకు వెళ్లడం తొందరపాటు. ఆయనకు నిజంగా కోరిక ఉంటే పది రోజులు కేటాయించి, ముందు మంచు లేని నాలుగు వేల మీటర్ల కొండలు రెండు ఎక్కి, మంచు మీద నడక నేర్చుకుని ఇంకొకసారి వెళ్లమనండి. అమ్మానాన్నలను ఊరు కాని ఊరిలో వదిలి, రాత్రంతా మీరు ఫోను పట్టుకుని కూర్చునే ప్రయాణం మాత్రం వద్దు. ప్రయాణ బీమాల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. ఆ షరతు చదవకుండా ఎక్కకూడదు.

మీరు ఉండగా బూడిద రాలితే బయట తిరగవద్దు. అది పొయ్యిలోని బూడిద లాంటిది కాదు, సన్నగా చూర్ణమైన గాజు, రాయి. కంటిలో పడితే నలపకుండా నీళ్లతో కడగాలి, కంటిలో పెట్టుకునే కటకాలు తీసేయాలి. ముక్కుకు గట్టిగా అమరే ఎన్95 ముసుగులు నలుగురికీ రెండేసి పెట్టుకోండి, బరువు ఏమీ ఉండదు.

ఇంకొకటి చాలామంది మరచిపోతారు. ఈక్వడార్ పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి భారతదేశానికి వచ్చేవాళ్ల దగ్గర టీకా పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా వేరుగా ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లకు ఈ టీకా వేయాలా వద్దా అన్నది వైద్యుడు ఆలోచించి చెప్పాలి కాబట్టి నాన్నగారి విషయం ఇప్పుడే తేల్చుకోండి. భోజనానికి ఇబ్బంది లేదు. బంగాళాదుంపలు, జున్నుతో చేసే లోక్రో అనే చిక్కటి చారు అమ్మగారికి నచ్చుతుంది. మాంసం వద్దంటే 'సిన్ కార్నే' అనండి, కోడి ఉడికించిన నీళ్లు పోశారా అని కూడా అడగండి. డబ్బు అమెరికా డాలర్లే.

చివరగా నాన్నగారి రాయి. జాతీయ ఉద్యానవనం నుంచి రాయి, మొక్క, ఏదీ తీసుకురాకూడదు. అగ్నిపర్వతాన్ని చేత్తో తాకాలన్నదే ఆయన కోరిక అయితే అందుకు ఈక్వడార్ దాకా పోనక్కర్లేదు. విమానం ఎక్కే ముందు ఒక పూట మీ ప్రొద్దుటూరు నుంచి బనగానపల్లె వైపు వెళ్లి రమ్మనండి. అక్కడి జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో, తెల్లటి మెత్తటి పొర ఒకటి మట్టిలో కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి రాలిన బూడిద అది. రాలింది కొద్దే, చుట్టుపక్కల నుంచి వానలు కడిగి తెచ్చి కొన్నిచోట్ల మనిషి ఎత్తుకు మించి పేర్చాయి. ఆ పొరకు కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. నేను మా విద్యార్థులను ఏటా అక్కడికి తీసుకెళ్లేవాణ్ని. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య మెల్లగా నలపమనండి, గాజు గరగర తెలుస్తుంది. నలిపాక చేతులు కడుక్కునేదాకా కళ్లు తాకవద్దని చెప్పండి.